బ్యాలెన్స్ సున్నా అని రాసున్న ఆ లెటర్: అమెరికాలో క్రిస్టియన్ కాలేజీ ఫీజు, అప్పు, అసలు లెక్క

గతేడాది మార్చి నెలాఖరు, శనివారం సాయంత్రం, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మా చర్చి వాళ్ళింట్లో కూర్చున్నాం. పెద్దమ్మాయికి తను కలలు కన్న క్రిస్టియన్ కాలేజీ నుంచి ఫైనాన్షియల్ ఎయిడ్ లెటర్ వచ్చింది. వేరే స్టేట్‌లో ఉన్న కాలేజీ. వదిన అప్పటికే స్వీట్లు పంచేసింది, ఆదివారం సాక్ష్యం చెప్పుకుంటానని పాస్టర్ గారికి ఫోన్ కూడా చేసేసింది. అన్నయ్య మాత్రం ఆ కాగితం నా వైపు జరిపి "ఒకసారి చూడమ్మా, అన్నీ బాగానే ఉన్నాయిగా" అన్నాడు.

కాగితం అడుగున లావు అక్షరాలతో ఉంది, మీరు కట్టాల్సిన బ్యాలెన్స్ 0 డాలర్లు అని.

పైనుంచి చదువుకుంటూ వచ్చా. అంకెలు నేను కొంచెం రౌండ్ చేసి చెప్తున్నా. ట్యూషన్ (అంటే కాలేజీ చదువు ఫీజు), హాస్టల్, భోజనం, పుస్తకాలు అన్నీ కలిపి ఏడాదికి ఖర్చు 58,000 డాలర్లు. కింద ఎయిడ్ అని లిస్టు. కాలేజీ స్కాలర్‌షిప్ 20,000, కాలేజీ గ్రాంట్ 4,000, చర్చి మ్యాచింగ్ (చర్చి ఇచ్చినదానికి కాలేజీ కలిపే డబ్బు) 1,000, ఫెడరల్ లోన్ (కేంద్ర ప్రభుత్వం ఇచ్చే అప్పు) 5,500, వర్క్ స్టడీ 2,500, పేరెంట్ ప్లస్ 25,000. కూడితే సరిగ్గా 58,000 వస్తుంది, అందుకే సున్నా. కానీ ఆ 58,000లో ఊరికే వచ్చే, తిరిగి ఇవ్వక్కర్లేని డబ్బు మొదటి మూడు లైన్లే, అంటే 25,000. మిగతా 33,000 ఆ ఇంట్లోంచే రావాలి, ఇవాళ కాకపోతే రేపు, వడ్డీతో సహా. వర్క్ స్టడీ అంటే అమ్మాయి క్యాంపస్‌లో గంటల లెక్కన పని చేస్తే వచ్చే జీతం, అది ఫీజులో ముందే తగ్గించరు. పేరెంట్ ప్లస్ అంటే అమ్మానాన్నల పేరు మీద వచ్చే అప్పు. ఈ రెండింటినీ స్కాలర్‌షిప్ పక్కనే ఒకే వరసలో, ఒకే సైజు అక్షరాల్లో పెట్టి, అన్నిటికీ కలిపి ఎయిడ్ అని పేరు పెడితే మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది చెప్పండి. అమెరికా పార్లమెంటుకి లెక్కలు చూసిపెట్టే ఆఫీసు, జీఏఓ అంటారు, అది 2022 డిసెంబర్‌లో ఇచ్చిన రిపోర్ట్‌లో 91 శాతం కాలేజీలు తమ ఆఫర్ లెటర్లలో అసలు ఖర్చు చూపించడమే లేదు లేదా తగ్గించి చూపిస్తున్నాయి అని తేల్చింది. కాబట్టి ఇది ఒక్క కాలేజీ జబ్బు కాదు, మీ ఇంటికొచ్చే లెటర్ కూడా ఇలాగే ఉండొచ్చు.

నేను కొన్నేళ్ళుగా మా చర్చి పిల్లలకి ఈ ఫారాలు నింపడంలో సాయం చేస్తున్నా. మనవాళ్ళు పడే ఇబ్బంది చాలావరకు ఒక పాత అలవాటు నుంచి వస్తుందని నాకు అనిపిస్తుంది. మన దగ్గర మిషన్ కాలేజీ అనగానే మనసులో ఒక బొమ్మ ఉంటుంది. గుంటూరు ఏసీ కాలేజీ తీసుకోండి, 1885లో అమెరికన్ లూథరన్ మిషనరీలు పెట్టింది, ఎన్టీ రామారావు గారు చదివింది కూడా అక్కడే, మచిలీపట్నం నోబుల్ కాలేజీ అయితే అంతకంటే పాతది. ఎయిడెడ్ కాలేజీలు కాబట్టి లెక్చరర్ల జీతాలు గవర్నమెంట్ ఇచ్చేది, ఫీజు నామమాత్రం, పల్లెటూళ్ళ నుంచి వచ్చిన పిల్లలు అక్కడ చదువుకుని ఇంత వాళ్ళయ్యారు. మా నాన్న తరం వాళ్ళకి మిషన్ అంటే ఫీజు తక్కువ, చదువు మంచిది, అంతే లెక్క. ఆ నమ్మకంతోనే మనం అమెరికా వచ్చి క్రిస్టియన్ కాలేజీ అనే బోర్డు చూస్తాం.

ఇక్కడ సంగతి పూర్తిగా తిరగేసి ఉంటుంది. స్టేట్ యూనివర్సిటీలకి స్టేట్ బడ్జెట్ నుంచి డబ్బు వస్తుంది, క్రిస్టియన్ కాలేజీ అంటే ప్రైవేట్ కాలేజీ, రోజువారీ ఖర్చులకి గవర్నమెంట్ ఏమీ ఇవ్వదు. పెద్ద పెద్ద విరాళాల నిధి ఉన్న కాలేజీలు తక్కువ, మిగతావన్నీ పిల్లలు కట్టే ఫీజు మీదే నడవాలి. ప్రొఫెసర్ల జీతాలు, చాపెల్ కరెంటు బిల్లు, డార్మిటరీ రిపేర్లు అన్నీ అందులోంచే. అందుకే దేవుని పని చేసే కాలేజీ అయినా ధర ఎక్కువ ఉంటుంది, అందులో మోసం ఏమీ లేదు, కాకపోతే ఆ ధర చెప్పే పద్ధతి మనకి అర్థం కావాలి.

ఆషాఢం సేల్ గుర్తుందా, చీర మీద ఒక రేటు రాసి దాని మీద సగం కొట్టేసి ఇస్తారు చూడండి. ఇక్కడి ప్రైవేట్ కాలేజీలు చాలావరకు అదే చేస్తున్నాయి. ఫస్ట్ ఇయర్ పిల్లలకి ఇచ్చే డిస్కౌంట్ సగటున ట్యూషన్‌లో సగం దాటిపోయింది. మీ అమ్మాయికి 20,000 స్కాలర్‌షిప్ వచ్చింది అంటే ఎవరో దాత ఎక్కడో ఒక నిధిలోంచి తీసి ఇచ్చినట్టు కాదు, చాలాసార్లు అది రాసిన రేటులోంచి కొట్టేసిన అంకె. పిల్ల కష్టపడి మార్కులు తెచ్చుకుంది, అందుకే ఇచ్చారు, ఆ ఆనందం నిజమే, నేను కాదనను. కానీ స్కాలర్‌షిప్ ఎంత వచ్చింది అనేది అడగాల్సిన ప్రశ్న కాదు, అది పోగా మనం ఎంత కట్టాలి అనేదే ప్రశ్న. మిషిగన్‌లో కాల్విన్ యూనివర్సిటీ 2022లో ట్యూషన్ రేటునే ఒక్కసారిగా 30 శాతానికి పైగా తగ్గించింది, దాంతోపాటే స్కాలర్‌షిప్‌లూ తగ్గాయి. ఇలా చేసిన కాలేజీ ఆఫర్‌లో స్కాలర్‌షిప్ చిన్నగా కనిపిస్తుంది, పక్క కాలేజీది పెద్దగా కనిపిస్తుంది, చివరికి కట్టేది చూస్తే తారుమారు కావచ్చు.

అప్లై చెయ్యకముందే ఈ అంకె సుమారుగా తెలుసుకునే దారి ఉంది. 2011 నుంచి ఫెడరల్ ఎయిడ్ తీసుకునే ప్రతి కాలేజీ తన వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ పెట్టి తీరాలి, చట్టం అది. మీ ఆదాయం, పిల్ల మార్కులు వేస్తే పది పదిహేను నిమిషాల్లో ఒక అంచనా చెప్తుంది. క్యాంపస్ చూడ్డానికి వెళ్ళకముందు ఇది చెయ్యండి, దయచేసి ముందే చెయ్యండి. ఎందుకంటే ఆ చెట్లు, ఆ చాపెల్‌లో వర్షిప్, హాల్‌లో పిల్లలంతా కలిసి ప్రార్థన చేసుకోవడం చూశాక అమ్మాయి మనసు అక్కడే ఉండిపోతుంది, మన మనసు కూడా. అప్పుడు లెక్క వెయ్యడం ఎంత కష్టమో నేను కళ్ళారా చూశా. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అనే వాక్యం మనం ఎన్ని ప్రసంగాల్లో విన్నామో, దాన్ని ఈ డైనింగ్ టేబుల్ దగ్గరికి తెచ్చుకోవాలి.

ఇప్పుడు అప్పు సంగతి. ఇందులో రెండు రకాలు ఉన్నాయి, వాటిని కలిపి స్టూడెంట్ లోన్ అని ఒకే మాట వాడ్డం వల్లే ఇంత గందరగోళం. ఒకటి పిల్ల పేరు మీద వచ్చే ఫెడరల్ లోన్. దీనికి గవర్నమెంటే గట్టిగా లిమిట్ పెట్టింది, తల్లిదండ్రుల మీద ఆధారపడే పిల్లలకి ఫస్ట్ ఇయర్ 5,500, సెకండ్ ఇయర్ 6,500, తర్వాత రెండేళ్ళు ఏడాదికి 7,500, నాలుగేళ్ళకి కలిపి 27,000 డాలర్లు. 2025-26లో దీని మీద వడ్డీ 6.39 శాతం. పదేళ్ళలో తీర్చాలంటే నెలకి సుమారు 305 డాలర్లు, చదువుతున్నప్పుడు పెరిగిన వడ్డీ కొంత అదనం. ఉద్యోగం వచ్చిన పిల్ల మోయగలిగిన బరువే ఇది. సంపాదన మరీ తక్కువుంటే ఆదాయాన్ని బట్టి కట్టే ప్లాన్లు కూడా ఉన్నాయి.

రెండోది పేరెంట్ ప్లస్. ఇళ్ళు కూల్చేది ఇదే అని నా గట్టి అభిప్రాయం. 2025-26లో వడ్డీ 8.94 శాతం, పైగా డబ్బు ఇచ్చేటప్పుడే 4 శాతానికి పైగా ఫీజు కోసుకుంటారు, అంటే 25,000 తీసుకుంటే కాలేజీకి చేరేది 24,000 లోపే. వడ్డీ మొదటి రోజు నుంచే నడుస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఏంటంటే, ఇల్లు కొనేటప్పుడు బ్యాంకు వాడు మన జీతం చూసి, ఉన్న అప్పులు చూసి, తీర్చగలమా లేదా అని వెయ్యి ప్రశ్నలు వేస్తాడు కదా, ఇక్కడ ఆ పని ఎవరూ చెయ్యరు. క్రెడిట్ రిపోర్ట్‌లో పెద్ద మచ్చలు ఉన్నాయా అని మాత్రం చూస్తారు, జీతానికీ అప్పుకీ పొంతన ఉందా అని చూడరు. లోన్ అప్రూవ్ అయింది అని మెయిల్ రాగానే మనవాళ్ళు దాన్ని దేవుడు తెరిచిన ద్వారం అనుకుంటారు, నిజానికి ఆ ద్వారం దాదాపు అందరికీ తెరిచే ఉంటుంది.

ఆ రాత్రి టేబుల్ దగ్గర అన్నయ్య ముందే లెక్క వేశా. ఏడాదికి 25,000 చొప్పున నాలుగేళ్ళకి లక్ష డాలర్లు. పదేళ్ళలో తీర్చాలంటే నెలకి 1,263 డాలర్లు, మొత్తం కట్టేది లక్షా యాభై వేల పైనే. అన్నయ్యకి 51. అమ్మాయి డిగ్రీ అయ్యేసరికి 55, అప్పు తీరేసరికి 65. మధ్యలో 9వ క్లాసు చదువుతున్న చిన్నోడి కాలేజీ ఉంది. అన్నయ్య కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "మా నాన్న నా చదువుకి రెండెకరాలు అమ్మాడు, నేను ఈ మాత్రం చెయ్యలేనా" అన్నాడు. ఈ మాట నేను చాలా ఇళ్ళల్లో విన్నా. నా సమాధానం ఎప్పుడూ ఒకటే, పొలం అమ్మితే పొలం పోయింది, అక్కడితో అయిపోయింది, మర్నాడు ఆ పొలం మీద వడ్డీ పెరగలేదు. మీ నాన్న తన దగ్గర ఉన్నది ఇచ్చాడు, మీరు సంతకం పెట్టబోయేది మీ దగ్గర లేనిదాని మీద.

ఇంకో సంగతి, ఆ 33,000 ఫస్ట్ ఇయర్ అంకె మాత్రమే. ఖర్చు ఏటా 4 శాతం పెరిగింది అనుకోండి, 58,000 కాస్తా నాలుగో ఏడు 65,000 దాటుతుంది, స్కాలర్‌షిప్ మాత్రం చాలా చోట్ల అదే అంకె దగ్గర ఉండిపోతుంది. ఆ తేడా నాలుగేళ్ళకి కలిపితే 14,000 పైన. దానికి తోడు స్కాలర్‌షిప్ నిలబడాలంటే జీపీఏ (మార్కుల సగటు) ఇంత ఉండాలి అని షరతు ఉంటుంది, నర్సింగ్, ఇంజినీరింగ్ లాంటి కష్టమైన మేజర్లలో (ప్రధాన సబ్జెక్టుల్లో) మొదటి సెమిస్టర్‌లోనే అది జారిపోయిన పిల్లలు ఉన్నారు. కాబట్టి కాలేజీని సూటిగా అడగండి, ఈ స్కాలర్‌షిప్ ప్రతి ఏడూ వస్తుందా, ఏ జీపీఏ కింద పోతుంది, పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చా, బయట స్కాలర్‌షిప్ ఏదైనా తెచ్చుకుంటే మీరిచ్చేది తగ్గిస్తారా అని. ఆ చివరి ప్రశ్న మర్చిపోవద్దు, బయట 2,000 తెచ్చుకుంటే కాలేజీ గ్రాంట్‌లో 2,000 కోసేసే చోట్లు ఉన్నాయి. జవాబు మెయిల్‌లో తీసుకోండి.

2026 జులై 1 నుంచి రూల్స్ మారుతున్నాయి, ఇది అందరూ తెలుసుకోవాలి. 2025 జులై 4న సంతకం అయిన చట్టం ప్రకారం కొత్తగా పేరెంట్ ప్లస్ తీసుకునేవాళ్ళకి ఒక్కో పిల్లకి ఏడాదికి 20,000, మొత్తం 65,000 దాకానే ఇస్తారు. అప్పటికే ఆ పిల్ల చదువుకి తీసుకుని ఉన్నవాళ్ళకి పాత పద్ధతి కొన్నాళ్ళు నడుస్తుంది. ఆదాయాన్ని బట్టి కట్టే ప్లాన్ కొత్త ప్లస్ లోన్లకి ఉండదు. లిమిట్ పెట్టడం మంచిదే అని నేనంటా, కానీ ఒక ప్రమాదం ఉంది, ఇంతకుముందు ప్లస్‌తో నింపిన గుంతని ఇప్పుడు ప్రైవేట్ లోన్‌తో నింపుకోండి అంటారు. ప్రైవేట్ లోన్‌లో మామూలుగా తల్లో తండ్రో కోసైన్ చెయ్యాలి, అంటే అప్పుకి హామీ సంతకం పెట్టాలి, ఉద్యోగం పోయినా వాయిదా ఆగుతుందన్న నమ్మకం లేదు, ఫెడరల్ లోన్‌కి ఉన్న రక్షణలు చాలావరకు ఉండవు. ఆ దారిలో వెళ్ళొద్దని చేతులు పట్టుకుని చెప్తున్నా.

ఇక మన తెలుగు ఇళ్ళల్లో ఫాఫ్సా నింపేటప్పుడు జరిగే పొరపాట్లు. ఫాఫ్సా అంటే ఫెడరల్ ఎయిడ్ కోసం ఏటా నింపే ఫారం, మామూలుగా అక్టోబర్ 1కల్లా మొదలవుతుంది. మాకు జీతం ఎక్కువ, మాకేం రాదు అని మనవాళ్ళు దీన్ని నింపరు. పిల్ల పేరు మీద ఆ 5,500 లోన్ రావాలన్నా ఫాఫ్సా ఉండాలి, చాలా కాలేజీలు తమ సొంత గ్రాంట్ ఇవ్వాలన్నా అది అడుగుతాయి. అది చూసేది రెండేళ్ళ కిందటి ఆదాయం, అంటే పిల్ల 10వ క్లాసు సగంలో ఉన్నప్పటి నుంచి 11వ క్లాసు సగం దాకా నడిచే క్యాలెండర్ సంవత్సరం. ఆ ఏడాదిలో ఊళ్ళో స్థలం అమ్మితే వచ్చిన లాభం టాక్స్‌లో ఆదాయంగా కనపడుతుంది, ఎయిడ్ తగ్గిపోతుంది. అమ్మకుండా ఉంచితే? ఇక్కడ మనం ఉంటున్న ఇల్లు, రిటైర్‌మెంట్ అకౌంట్లు ఫాఫ్సాలో ఆస్తిగా లెక్కకి రావు. కానీ గుంటూరులో మీ పేరు మీద ఉన్న ప్లాటు, హైదరాబాద్‌లో అద్దెకిచ్చిన ఫ్లాటు లెక్కకి వస్తాయి, ఇండియాలో ఉన్నాయి కదా అని వదిలేస్తే అది తప్పుడు సమాచారం ఇచ్చినట్టే. భయపడకండి, తల్లిదండ్రుల ఆస్తిలో అయితే గియితే 5.64 శాతం దాకా మాత్రమే లెక్కేస్తారు. అదే డబ్బు పిల్ల పేరు మీద సేవింగ్స్‌లో వేసి ఉంటే 20 శాతం లెక్కేస్తారు, అందుకే బారసాల నుంచి పడిన డబ్బులన్నీ పిల్ల పేరు మీద పెట్టడం కంటే తల్లిదండ్రుల పేరు మీద 529 అకౌంట్‌లో (చదువు కోసం దాచుకునే అకౌంట్) పెడితే మేలు, ఆ డబ్బు క్రిస్టియన్ కాలేజీలో కూడా వాడుకోవచ్చు.

ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే ఫెడరల్ లెక్కలో ఇంతకుముందు తగ్గింపు వచ్చేది, 2024-25 నుంచి తీసేశారు. కవలలున్న ఇంటికీ, ఏడాది తేడా పిల్లలున్న ఇంటికీ ఇది పెద్ద దెబ్బ. కొన్ని కాలేజీలు తమ గ్రాంట్‌లో దీన్ని చూస్తాయి, అడగాలి.

వీసా సంగతి కూడా చెప్పాలి. మీరు హెచ్1బి మీద ఉన్నా పిల్ల ఇక్కడే పుట్టి సిటిజన్ అయితే తనకి ఫెడరల్ గ్రాంట్, తన పేరు మీద లోన్ రెండిటికీ అర్హత ఉంది. మీ వీసా అడ్డు కాదు. పేరెంట్ ప్లస్ మాత్రం మీకు గ్రీన్ కార్డ్ లేకపోతే రాదు, నన్నడిగితే అది నష్టమేం కాదు. అదే పిల్ల హెచ్4 (డిపెండెంట్ వీసా) మీద ఉంటే ఫెడరల్ డబ్బు ఏదీ రాదు, అప్పుడు కాలేజీ సొంత స్కాలర్‌షిప్, మీ స్టేట్ రూల్స్ ఇవే దిక్కు. ఇండియా నుంచి ఎఫ్1 మీద సెమినరీకో క్రిస్టియన్ యూనివర్సిటీకో వచ్చే వాళ్ళదీ అదే పరిస్థితి.

డబ్బు ఎక్కడెక్కడ దొరుకుతుంది అంటే, చాలామంది వదిలేసేది స్టేట్ గ్రాంట్లు. క్రిస్టియన్ కాలేజీకి గవర్నమెంట్ డబ్బు ఎక్కడ వస్తుందిలే అనుకుంటారు. టెక్సాస్‌లో ట్యూషన్ ఈక్వలైజేషన్ గ్రాంట్ ఉంది, అవసరం ఉన్న స్టేట్ రెసిడెంట్లు స్టేట్‌లోని ప్రైవేట్ కాలేజీలో చదివితే వస్తుంది. వర్జీనియాలో, జార్జియాలో కూడా ప్రైవేట్ కాలేజీలో వాడుకునే స్టేట్ డబ్బు ఉంది. కాకపోతే సొంత స్టేట్‌లోని కాలేజీ అయితేనే, అందుకే ఇంటికి దగ్గర్లో ఉన్న క్రిస్టియన్ కాలేజీకి ఒక విలువ ఉంది. పాస్టర్ కావాలని థియాలజీ చదివే పిల్లలకి కొన్ని స్టేట్లు ఈ డబ్బు ఇవ్వవు. వాషింగ్టన్ స్టేట్‌లో ఒక విద్యార్థి దీని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు, స్టేట్ అలా ఇవ్వకపోవడం తప్పు కాదని 2004లో తీర్పొచ్చింది.

చర్చి మ్యాచింగ్ అంటే మన చర్చి పిల్లకి 500 ఇస్తే కాలేజీ ఇంకో 500 కలుపుతుంది, చాలా క్రిస్టియన్ కాలేజీల్లో ఉంటుంది, డెడ్‌లైన్ దాటితే పోతుంది. మా తెలుగు చర్చిల్లో దీని గురించి తెలిసినవాళ్ళు బహు తక్కువ. ఒక జాగ్రత్త, మీరే చర్చికి చెక్కు రాసి ఇది మా అమ్మాయికే ఇవ్వండి అని చెప్పి దాన్ని టాక్స్‌లో విరాళంగా చూపించుకోవడం కుదరదు, అది మీ ఫీజు మీరు కట్టుకున్నట్టే. పాస్టర్ల పిల్లలకి, మిషనరీల పిల్లలకి విడిగా తగ్గింపు ఇచ్చే కాలేజీలు కూడా చాలా ఉన్నాయి. అద్దె హాల్‌లో నలభై కుటుంబాలతో నడిచే తెలుగు చర్చి అయినా సరే, కాలేజీ అడిగిన కాగితాలు చూపించగలిగితే మీ పిల్లలూ అడగొచ్చు, మొహమాటపడొద్దు.

మొహమాటం అంటే గుర్తొచ్చింది, అప్పీల్. ఇచ్చింది తీసుకోవాలి, మళ్ళీ అడిగితే బాగోదు అనుకుంటాం మనం. అన్నయ్య విషయంలో ఫాఫ్సా చూసింది 2023 జీతం, 2024లో ఆయన ఉద్యోగం పోయి అయిదు నెలలు ఇంట్లో ఉన్నాడు. ఆ సంగతి కాలేజీకి ఎలా తెలుస్తుంది, మనం చెప్తేనే కదా. లేఆఫ్ లెటర్, ఆ అయిదు నెలల లెక్కలు పెట్టి ఒక పేజీ ఉత్తరం రాశాం, ఇంకో కాలేజీ ఇచ్చిన మెరుగైన ఆఫర్ కూడా జత చేశాం. రెండు వారాల్లో ఏడాదికి 5,000 పెంచారు. ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసర్‌కి చట్టం ఇచ్చిన అధికారమే అది, మనం అడిగింది భిక్ష కాదు.

కొన్ని కాలేజీలు అసలు దారే వేరుగా పెట్టుకున్నాయి, వాటి గురించి చెప్తే చాలామంది ఆశ్చర్యపోతారు. కెంటకీలో బెరియా కాలేజీ, 1855లో బానిసత్వాన్ని వ్యతిరేకించిన ఒక బోధకుడు మొదలుపెట్టాడు, 1892 నుంచి పిల్లల దగ్గర ట్యూషన్ తీసుకోవడం లేదు, ప్రతి ఒక్కరూ క్యాంపస్‌లో పని చెయ్యాలి. మిస్సోరిలో కాలేజ్ ఆఫ్ ది ఓజార్క్స్ ఉంది, వారానికి 15 గంటలు, సెలవుల్లో రెండు పూర్తి వారాలు పని చేస్తే ట్యూషన్ ఉండదు, అక్కడ స్టూడెంట్ లోన్ ప్రోగ్రామే పెట్టుకోలేదు. డెయిరీలో పాలు పితికే పిల్లలు, కిచెన్‌లో రొట్టెలు చేసే పిల్లలు అప్పు లేకుండా పట్టా పుచ్చుకుని బయటికొస్తున్నారు. ఈ రెండు చోట్లా ఆర్థికంగా కష్టంలో ఉన్న పిల్లలకీ, ఆ చుట్టుపక్కల ప్రాంతాల వాళ్ళకీ ముందు చోటు, మన ఐటీ జీతాల ఇళ్ళకి కుదరకపోవచ్చు, కానీ తక్కువ సంపాదనతో నెట్టుకొస్తున్న మన కుటుంబాలు ఇక్కడ లేవా, ఉన్నాయి, వాళ్ళకి ఎవరో ఒకరు చెప్పాలి. పెన్సిల్వేనియాలో గ్రోవ్ సిటీ కాలేజీ ఫెడరల్ డబ్బు అస్సలు ముట్టదు, రేటు మొదట్నుంచీ తక్కువే, కానీ అక్కడ ఫెడరల్ లోన్ కూడా వాడలేరు.

హైస్కూల్లో ఉండగానే కాలేజీ క్రెడిట్లు తెచ్చిపెట్టే డ్యుయల్ క్రెడిట్ కోర్సులు, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు, తక్కువ ఖర్చుతో అయిపోయే క్లెప్ పరీక్షలు, వీటితో ఒక సెమిస్టర్ తగ్గించుకున్నా ఇందాకటి లెక్కలో ఎంత మిగులుతుందో చూడండి. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు చదివి తర్వాత మారొచ్చు అని అందరూ చెప్తారు, నిజమే, కానీ క్రిస్టియన్ కాలేజీ విషయంలో ఒక చిక్కుంది. ఒహాయోలో సెడర్‌విల్ యూనివర్సిటీలో ఏ మేజర్ చదివినా బైబిల్ మైనర్, అంటే దాంతోపాటు కొన్ని బైబిల్ కోర్సులు, చెయ్యాల్సిందే, అలాంటి చోట కమ్యూనిటీ కాలేజీలో ఆ కోర్సులు దొరకవు కాబట్టి మూడో ఏట చేరిన పిల్లకి అవన్నీ మీద పడి ఇంకో సెమిస్టర్ పెరగొచ్చు. ట్రాన్స్‌ఫర్ పిల్లలకి స్కాలర్‌షిప్ కూడా తక్కువే ఇస్తుంటారు. ఏ క్రెడిట్ తీసుకుంటారో ముందే కాగితం మీద రాయించుకుని అప్పుడు మొదలుపెట్టండి.

సేవలోకి వెళ్ళాలనుకునే పిల్లల గురించి నాకు ప్రత్యేకంగా బాధ ఉంది. ఎవరైతే తక్కువ జీతానికి సిద్ధపడి చిన్న చర్చికో, మిషన్ ఫీల్డ్‌కో వెళ్దామనుకుంటారో వాళ్ళే అప్పు వల్ల ఆగిపోతున్నారు, పెద్ద అప్పుంటే మిషన్ సంస్థలు కూడా వెనకాడతాయి. వీళ్ళకి తెలియాల్సిన ఒక మంచి వార్త, నాన్ ప్రాఫిట్ సంస్థలో ఫుల్‌టైం పని చేస్తూ 120 నెలవారీ వాయిదాలు కడితే మిగిలిన ఫెడరల్ లోన్ మాఫీ చేసే పథకం ఉంది కదా, 2021 జులై నుంచి చర్చిలో వాక్యం చెప్పే పని, ఆరాధన నడిపే పని కూడా దాని లెక్కలోకి వస్తున్నాయి. ఇది పిల్ల పేరు మీద ఉన్న లోన్‌కి. తల్లిదండ్రుల ప్లస్ లోన్ పిల్ల పాస్టర్ అయినంత మాత్రాన మాఫీ కాదు, అక్కడ చూసేది అప్పు తీసుకున్నవాళ్ళ ఉద్యోగం.

కాలేజీ ఎంత గట్టిగా నిలబడి ఉందో కూడా చూసుకోవాలి. న్యూయార్క్‌లో 2023లో ది కింగ్స్ కాలేజీ క్లాసులు ఆగిపోయాయి, అదే ఏడు అలయన్స్ యూనివర్సిటీ మూతపడింది, మధ్యలో ఉన్న పిల్లలు వేరే చోట్లకి చెల్లాచెదురయ్యారు.

ఇంతా చెప్పాక కొందరు అడుగుతారు, అయితే క్రిస్టియన్ కాలేజీకి పంపొద్దంటావా అని. నేను అలా అనను. పద్దెనిమిదేళ్ళ పిల్ల తన విశ్వాసం గురించి ప్రశ్నలు అడిగే వయసులో ఓపిగ్గా కూర్చుని జవాబిచ్చే ప్రొఫెసర్ దొరకడం చిన్న విషయం కాదు, దానికి కొంచెం ఎక్కువ డబ్బు పెట్టొచ్చు. నేను గీసుకున్న గీత ఒక్కటే, పిల్ల పేరు మీద ఫెడరల్ లిమిట్ 27,000 దాటి ఒక్క డాలర్ అప్పు కూడా వద్దు, మిగతాది నెల జీతంలోంచో పొదుపులోంచో రాగలగాలి, రాకపోతే అది మన కాలేజీ కాదు. స్టేట్ యూనివర్సిటీలో చదువుతూ క్యాంపస్ ఫెలోషిప్‌లో, దగ్గర్లో ఉన్న చర్చిలో గట్టిగా నిలబడ్డ పిల్లలు మా చర్చిలోనే అరడజను మంది ఉన్నారు.

ఆ అమ్మాయి రెండు రోజులు ఏడ్చింది. అప్పీల్ తర్వాత కూడా ఏడాదికి 28,000 మిగిలింది, ఖర్చు పెరిగేది వేరే. ఏప్రిల్ చివరి వారంలో తనే ఒక కాగితం మీద మూడు కాలేజీల నాలుగేళ్ళ లెక్క పక్కపక్కన వేసుకుని, తన లిస్టులో మూడోదిగా ఉన్న, ఇంటి నుంచి నలభై నిమిషాల దూరంలో ఉన్న చిన్న క్రిస్టియన్ కాలేజీ పేరు కింద గీత గీసింది. ఇంట్లోంచే వెళ్ళొస్తుంది, స్టేట్ గ్రాంట్ వచ్చింది, తన పేరు మీద ఫెడరల్ లోన్ తీసుకుంది, ప్లస్ లేదు. మొదటి సెమిస్టర్ బిల్లులో బ్యాలెన్స్ అన్నచోట ఈసారి 5,400 ఉంది, అన్నయ్య అయిదు వాయిదాల్లో నెలకి 1,080 చొప్పున కట్టాడు.

ఇది చదివేవాళ్ళలో ఇప్పటికే ప్లస్ లోన్‌కి సంతకం పెట్టేసినవాళ్ళు ఉంటే ఒక మాట. డబ్బు కాలేజీ అకౌంట్‌లో పడిన రోజు నుంచి 120 రోజుల లోపు మొత్తమైనా కొంతైనా వెనక్కి ఇచ్చేయొచ్చు, వెనక్కిచ్చిన దాని మీద వడ్డీ, ఆ 4 శాతం ఫీజు రెండూ పడవు. లోన్ సర్వీసర్‌కి ఫోన్ చేసే ముందు కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి మెయిల్ పెట్టండి, ఎంత వెనక్కి పంపాలో అంకె స్పష్టంగా రాయండి, వచ్చే సెమిస్టర్ కోసం ఒప్పుకున్నది కూడా అదే మెయిల్‌లో క్యాన్సిల్ చెయ్యమనండి.